పొద్దుగూకని ఊళ్ళో దీపం ఎప్పుడు?

ఈ వార్త మొదట నాకు తెచ్చింది మా కాలేజీ అటెండరు యాదగిరన్న. మిట్టమధ్యాహ్నం ఎండలో సైకిల్ మీద మా గల్లీకి వచ్చి, దిగకుండానే గేటు ముందు ఒక కాలు ఆనించి నిలబడ్డాడు.

"స్వరూపా, నీ పేరొచ్చింది. ఫిన్లాండ్ అట. మేడం జెప్పి రమ్మన్నది. ముందుగాల మంచినీళ్ళియ్యి."

చెంబుతో నీళ్ళు ఇచ్చాను. గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఇగ ఇప్పుడు సంబురపడు" అని సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. దేవుడు మంచి మాటలను ఎవరెవరి చేత పంపిస్తాడో అనుకుంటూ, ఆ ఖాళీ చెంబు పట్టుకుని చాలాసేపు గేటు దగ్గరే ఉండిపోయాను.

జూన్, జులై నెలల్లో ఆ దేశపు ఉత్తరపు కొసన ఒక ఊళ్ళో అడవుల గురించి, చెట్ల గురించి పాఠాలు చెబుతారు. రకరకాల దేశాల డిగ్రీ పిల్లలు వస్తారు. ఖర్చంతా పిలిచినవాళ్ళదే. దాని గురించి కాలేజీ సంచికకు రాయమని మా బోటనీ మేడం అడిగారు. "ఇంకా పోనేలేదు కదా మేడం" అంటే, "పోయినంత వరకు రాయమ్మా" అన్నారు. ఈ 2013 ఏప్రిల్‌లో నేను పోయినంత వరకు అంటే ఎల్లారెడ్డి. ఫిన్లాండ్‌కు దారి మా ఇంట్లో ఎల్లారెడ్డి మీదుగానే పోతుంది. ఎందుకో చెబుతాను.

చిన్నప్పుడు నాకు ఉబ్బసం. కామారెడ్డిలో బాపు పనిచేసే రైస్‌మిల్లు పక్కనే మా ఇల్లు. ఊక దుమ్ముకు ఊపిరి ఆడేది కాదు. ఆరేళ్ళప్పుడు అమ్మావాళ్ళు నన్ను ఎల్లారెడ్డి అవతలి ఒక చిన్న ఊళ్ళో ఉండే అంజమ్మ పెద్దమ్మ దగ్గర వదిలారు. అక్కడి నుంచి బడికి పోవాలంటే వాగు దాటాలి. నా ఊపిరితో అది అయ్యే పని కాదు. అందుకని ఏడో తరగతి వరకు చదివిన పెద్దమ్మే నాకు బడి అయింది. ఎనిమిదో తరగతి నుంచి పుస్తకం ఆమెకూ కొత్తదే. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదువుకున్నాం. పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాసి, ఊపిరి కుదుటపడ్డాక కామారెడ్డికి వచ్చి కాలేజీలో చేరాను.

నేను వచ్చిన కొత్తలో ఒకసారి ఉబ్బసం బాగా ఎక్కువైతే, పెద్దమ్మ ఎల్లమ్మ తల్లికి మొక్కుకుంది. పిల్ల నిమ్మళిస్తే రోజూ పొద్దుగూకగానే పిల్ల చేతనే దీపం పెట్టిస్తానని. అప్పటి నుంచి నేను పెడుతూనే ఉన్నాను, కామారెడ్డికి వచ్చాక కూడా. దీపం పెట్టాక పుస్తకం తీయడం కూడా ఆమె పెట్టిన అలవాటే.

వార్త తెలిసిన రోజు సంతోషంలో నేను చేసిన పొరపాటు ఒకటే. పెద్దమ్మకు ఫోన్ చేసి, "ఆడ ఎండాకాలం పొద్దే గూకదట పెద్దమ్మా" అని గొప్పగా చెప్పాను. వెంటనే, "మరి దీపం ఎప్పుడు పెడ్తవ్?" అంది. "ఓసారి ఇంటికి రా" అని ఫోన్ పెట్టేసింది.

బాపు తన మాట చెప్పేశాడు. "నిన్ను బతికిచ్చింది ఆమె, సదివిచ్చింది ఆమె. ఆమె ఊ అంటెనే విమానం. లేకుంటె లేదు." అమ్మ కూడా ఆ మాటకే తలూపింది. నాకూ అదే న్యాయంగా తోచింది.

కామారెడ్డి బస్టాండు

పెద్దమ్మ కోసం జిలేబీ పొట్లం, నువ్వుల నూనె సీసా, వత్తులకు మంచి తెల్ల పత్తి చుట్ట ఒకటి సంచిలో పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. కామారెడ్డిలో పుట్టి, రైలెక్కి సికింద్రాబాద్‌కు లెక్కలేనన్ని సార్లు పోయినవాళ్ళు కూడా ఎల్లారెడ్డి వైపు ఒక్కసారీ పోయి ఉండరు. మీరూ వారిలో ఒకరైతే కిటికీ పక్క సీటు చూసుకోండి. ఊరు దాటగానే వరి మళ్ళు, వాటి తర్వాత మక్కజొన్న చేన్లు, ఆ తర్వాత టేకు చెట్లు. ఏప్రిల్‌లో టేకు ఆకు రాలి అడవి బోసిగా ఉంటుంది. ఇప్పపూల వాసన మాత్రం బస్సులోకి వచ్చి, పిలవని చుట్టంలా ఒళ్ళో కూర్చుంటుంది.

నా పక్కన ఒళ్ళో జాడీ పెట్టుకుని ఒకామె కూర్చుంది. పేరు గంగమణి, లింగంపేటలో దిగాలట. ఎక్కడికి పోతున్నావు, ఎవరి బిడ్డవు, ఏం చదువుతున్నావు అన్నీ అయ్యాయి. ఫారిన్ మాట నోట్లోంచి రాగానే ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది.

"ఏ ఏజెంటు?"

"ఏజెంటు లేడక్కా. సదువుకు పోతున్న."

"సదువుకా? దుబాయ్‌ల సదువులు గూడ ఉన్నయా?"

"దుబాయ్ కాదు. ఫిన్లాండ్."

"అది మస్కట్‌కు ఎంత దూరముంటది?"

మా వైపు ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. ఫారిన్ అంటే మాకు ఆ దిక్కే. గంగమణి పెనిమిటి మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తాడట. ఆ జాడీలో ఉన్నది అతని కోసం పెట్టిన మామిడికాయ తొక్కు పచ్చడి. తీసుకుపోతానన్న మనిషి కామారెడ్డికి రాకుండానే పోయాడట, దాన్ని మళ్ళీ ఇంటికే మోసుకుపోతోంది. వెనక సీటులోని ముసలాయన మా మాటలు విని, "ఓ దుబాయ్ పిల్లా, మా అల్లునికి గూడ ఓ మాట జెప్పు" అన్నాడు. బస్సులోవాళ్ళంతా నవ్వారు. అప్పటి నుంచి, బస్సు దిగాక కూడా, నా పేరు దుబాయ్ పిల్లే.

లింగంపేటకు ముందు పంక్చరు

టైరు ఎక్కడో మేకు మింగింది. లింగంపేట ఇంకా కనబడకముందే బస్సు రోడ్డు వారగా ఆగింది. మేమంతా దిగి చింతచెట్టు నీడలో చేరాం. దగ్గరలోనే ఒక చాయ్ హోటల్. చాయ్ ఐదు రూపాయలు, కామారెడ్డిలో కూడా అంతే. కానీ ఇక్కడ సాసర్‌లోకి పొర్లేలా పోస్తారు. ముందు సాసర్ ఖాళీ చేసి తర్వాత కప్పు అందుకోవాలి. నేను కప్పే ముందు ఎత్తితే చాయ్ మోచేతి దాకా కారింది. హోటలాయన, "టౌను పిల్ల" అని ఒక్క మాటతో తేల్చేశాడు. ఒక అవ్వ మోదుగాకు దొప్పల్లో తునికి పండ్లు అమ్ముతోంది. కొన్నాను. తియ్యగా, కాస్త వగరుగా ఉంటాయి. ఈ చెట్టు గురించి నేను పరీక్షలో పేజీ నిండా రాశాను. పండు తిన్నది మాత్రం చాలా ఏళ్ళకు ఆ రోజే.

గంగమణి నా పక్కనే రాయి మీద కూర్చుంది.

"నాలుగొద్దులయితె మల్ల ఎవరన్న మస్కట్ పోతరు గని, అప్పటిదాంక ఇది ఇంట్ల కనవడితె నాకు మనసున వట్టది" అంది. ఆ తర్వాత జాడీ నా సంచి మీద పెట్టింది. "నువ్వు వట్కపో."

"అక్కా, నేను పోయేది ఆ దిక్కు కాదు."

"ఎరుకే. మా ఆయన కాకుంటె మీ పెద్దమ్మ తింటది. ఎవరో ఒకరు తినాలె గద. పెట్టినంక తినకుంటె పాపం."

వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఆ మామిడికాయలు కోసిన చేతులు నా ముందే ఉన్నాయి. జాడీని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాను. ఆమె నవ్వి, "దేవుని ప్రసాదం గాదే, తొక్కు" అంది. టైరు మార్చారు. లింగంపేటలో దిగుతూ కిటికీ దగ్గరికి వచ్చి, "మంచిగ సదువు. పోయిరా" అని చెయ్యి ఊపింది.

ఎర్రబడ్డ పత్తి

ఎల్లారెడ్డిలో ఆటో ఎక్కి ఊరు చేరేసరికి పెద్దమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. చేట ఆపకుండానే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"సన్నగయినవ్. అది సదువా, ఉపాసమా?"

పెద్దమ్మ పెనిమిటి, మా పెదబాపు, మంచం మీద నుంచే అందుకున్నాడు. "నీ సదువు ఊరంత తెలిసిపోయింది బిడ్డా. ఆటో పిలగాడు ఫోన్ జేసిండు, దుబాయ్ పిల్లొస్తున్నదని."

కాళ్ళు కడుక్కుని సంచి తెరిచాను. జాడీ మూత వదులైంది. తొక్కు నూనె మొత్తం వత్తుల పత్తి తాగేసింది. తెల్లగా తెచ్చిన చుట్ట ఎర్రగా, ఘాటుగా బయటికి వచ్చింది. జిలేబీ పొట్లం ఒక మూల నానింది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. పెద్దమ్మ ఆ పత్తిని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక చేట కింద పెట్టింది.

"గిది ముట్టిస్తె ఎల్లమ్మ తల్లి తుమ్ముతది."

"తొక్కుల ముంచిన జిలేబీ నేనేడ తినలే. ఇటియ్యి" అని పెదబాపు చెయ్యి చాచాడు. నిజంగానే తిన్నాడు. బాగుందన్నాడు కూడా.

మధ్యాహ్నం జొన్న రొట్టె, పచ్చిపులుసు, గంగమణి తొక్కు. మేము ముగ్గురం ఆ మస్కట్ మేస్త్రీని తలుచుకుంటూ తిన్నాం. కామారెడ్డిలో మేము గడియారం చూసి తింటాం. రైళ్ళు పోయే ఊరు కనుక నిమిషాల మీద ధ్యాస ఎక్కువ. పెద్దమ్మ ఇంట్లో గడియారం ఉంది, ఎప్పుడు ఆగిందో ఎవరికీ గుర్తులేదు. పొద్దు బారెడెక్కితే చేను, నడినెత్తికి వస్తే అన్నం, గూకితే దీపం. పొద్దుతో నడిచే ఆ ఇంట్లో నేను పొద్దే గూకని ఊరి సంగతి ఎత్తాను. ఫోన్లో ఆమె ముందు దీపం సంగతే ఎందుకు అడిగిందో, ఆ వాకిట్లో కూర్చున్నాకే నాకు పూర్తిగా అర్థమైంది.

మాపటికి ఇంట్లో మిగిలిన పాత వత్తితో గూట్లో దీపం పెట్టాను. పెద్దమ్మ నా వెనక నిలబడి, అప్పుడు మాట తీసింది.

"నిన్ను ఆపాలని నాకేం లేదు బిడ్డా. నువ్వు పోతున్నవని ఇన్నప్పటి సంది నా కాలు భూమ్మీద లేదు. గని మొక్కింది నేను. ఊపిరి నిలవెట్టింది ఆ తల్లి. పొద్దుగూకంగ పెట్టిస్త అన్న. పొద్దే గూకని తాన ఎప్పుడు పెట్టినా అబద్ధమే అయితది గద."

"అక్కడి గడియారం చూసి పెడ్త పెద్దమ్మా."

"గడియారానికి మొక్కిన్నా నేను?"

ఆమె కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. ఆ రోజు పుస్తకం తీశాను గానీ ఒక్క ముక్క ఎక్కలేదు.

ఎల్లారెడ్డి బజారు

మరునాడు పత్తి కోసం ఎల్లారెడ్డి బజారుకు పోవలసి వచ్చింది. తొక్కు ఒలికిపోకపోతే పోయేవాళ్ళమే కాదు. అందుకే ఆ జాడీకి, మూత సరిగ్గా పెట్టని నా తొందరకు, ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఎల్లారెడ్డి బజారులో తిరగాలంటే తీరిక ఉండాలి. కామారెడ్డిలో దుకాణదారు ముందు ఏం కావాలని అడుగుతాడు. ఇక్కడ ముందు ఎవరి ఇంటివాళ్ళని అడుగుతాడు. పత్తి కొనే లోపు మా ఇంట్లో అందరి ఆరోగ్యాలూ చెప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాత పెద్దమ్మ నన్ను ఖైరున్ బీ గాజుల కొట్టుకు తీసుకుపోయింది. పెద్దమ్మ పెళ్ళి గాజులు కూడా ఖైరున్ బీ తల్లి చేతితో వేసినవేనట.

"ఏమే అంజమ్మా, పిల్లను దుబాయ్ తోల్తున్నవట" అంది ఖైరున్ బీ, నా చెయ్యి అందుకుని ఎముకలు కూడగట్టి నొక్కుతూ.

"దుబాయ్ గాదు. పొద్దుగూకని దేశం. అదే నా రంది." పెద్దమ్మ మొక్కు సంగతి మొత్తం చెప్పింది.

ఖైరున్ బీ గాజు నా పిడికిలి దాటిస్తూ ఆగింది. "అల్లా. మా తమ్ముని కథనే గద ఇది."

ఆమె తమ్ముడు ఓడలో వంట చేస్తాడట. పోయిన రంజాన్‌లో ఓడ మంచు సముద్రాల వైపు పోయింది. పొద్దు కిందికి దిగుతుంది, మునగదు. రోజా ఉపవాసం ఎప్పుడు విడవాలో తెలియక అక్కకు ఫోన్ చేశాడు.

"ఆపా, ఆకలికి గాదు, భయానికి ఏడుపొస్తున్నదన్నడు. నేను ఉరికి పెద్దమనుషులను అడిగిన. పొద్దు లెక్క అందని తాన దగ్గరి ఊరి టైమన్న వట్టుకోవచ్చు, మక్కా టైమన్న వట్టుకోవచ్చు అన్నరు. వాడు మక్కాది వట్టుకున్నడు. ఆడ పొద్దుగూకితె ఈడు నెత్తి మీద ఎండ వెట్టుకోని ఖజ్జూరం నోట్లేసుకున్నడు. అబద్ధమయితదా? కాదు. నియ్యత్ ముఖ్యం, మనసుల అనుకున్నదే లెక్క."

"మీకు మక్కా ఉన్నది" అంది పెద్దమ్మ నెమ్మదిగా. "మరి మాకేది?"

"నన్నడుగుతవేంది? నువ్వు యేడ నిలవడి మొక్కినవో గదే నీ మక్కా." ఆకుపచ్చ గాజు చివరిది కూడా నా చేతికి ఎక్కించి, విరగలేదని తానే మెచ్చుకుంది. "జా బేటీ. చల్లగ పోయి చల్లగ రా."

తిరుగు ఆటోలో పెద్దమ్మ వేళ్ళు ఏవో లెక్క పెడుతున్నట్టు కదులుతున్నాయి. నేను లోపల ఎల్లమ్మ తల్లి పేరు తలుచుకుంటూ కూర్చున్నాను. ఏమి కోరుకోవాలో తెలియక, ఏదైతే మంచిదో అదే కానీ అన్నాను. అన్నాక, పోవాలని ఉంది తల్లీ అని కూడా చెప్పేశాను. దాచి ఏం లాభం.

సందె వేళ

పొద్దు వాగు అవతలి తుమ్మల వెనక్కి దిగుతోంది. పెద్దమ్మ కొత్త పత్తితో వత్తులు చేసి, ప్రమిదలో నూనె పోసి, గూటి ముందు నన్ను కూర్చోబెట్టింది.

"ఈడ ఇప్పుడు దీపం యాళ్ల. మరి ఆడ ఏం యాళ్లయితది?"

లెక్క వేశాను. "నాలుగు దాటుతది పెద్దమ్మా. మధ్యానం."

"అప్పుడు నువ్వేం జేస్తుంటవ్?"

"క్లాసుల ఉంట."

"క్లాసుల దీపం వెట్టనిస్తరా?"

"పెట్టనియ్యరు. అగ్గిపుల్ల గీస్తె గంట మోగుతదట. అందరు బయటికి ఉరకాల్నట."

పెదబాపు మంచం మీద నుంచి, "మంచిగనే ఉన్నది. రోజు ఓసారి అందరిని ఉరికిచ్చుడు" అన్నాడు. ఎవరం నవ్వలేదు. నాకైతే వచ్చిన దారి మళ్ళీ మూసుకుపోయినట్టు అనిపించింది. మక్కా టైము ఓడలో నడిచింది, ఎందుకంటే ఖర్జూరానికి గంట మోగదు.

పెద్దమ్మ గూటి వైపు చూస్తూ ఉంది. మసి పట్టి, నూనె జిడ్డుతో నల్లగా మెరిసే ఆ చిన్న గూటి కిందే నేను అక్షరాలు దిద్దాను.

"దీపం పెట్టినంక నీతోని ఏం జేపిస్తుంటి నేను?" అని అడిగింది.

"పుస్తకం తీపిస్తుంటివి."

"ఒక్కనాడన్న దీపం వెట్టి పుస్తకం తియ్యకుంట ఊకున్ననా?"

"లేదు."

"మరి అది రెండు పనులని ఎవలన్నరు? ఒక్కటే గద." ఆమె ముఖం ఆ వెలుతురులో ఒక్కసారి తేటపడింది. "మొక్కు నాది. నీ చేత పెట్టిస్త అన్న. నువ్వు దేశంల లేని రెండు నెలలు నా చెయ్యే నీ చెయ్యి. దీపం నేను ముట్టిస్త. గదే యాళ్లకు ఆడ నువ్వు పుస్తకం మీద ఉంటవ్. సగం ఈడ, సగం ఆడ. రెండు గల్సి ఒక్క దీపం. తల్లికి లెక్క రాదా?"

ఆమె పాదాలు ముట్టుకున్నాను.

"అగ్గిపుల్ల గియ్యకు గని" అంది లేపుతూ. "గంతమంది పిల్లలు నీ వల్ల సదువు ఇడిసి బయటికి ఉరికితె ఆ పాపం మల్ల నాకు."

అప్పుడు నవ్వాం, ముగ్గురం. ఆ సాయంత్రం దీపం నేనే పెట్టాను. పుస్తకం తీస్తే, ఈసారి ప్రతి ముక్కా ఎక్కింది.

తిరుగు బస్సు

మూడో రోజు బయల్దేరాను. పెద్దమ్మ మక్క పేలాలు మూటకట్టి ఇచ్చింది, గంగమణి జాడీని కడిగి, నిండా బెల్లం పెట్టి ఇచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడం మా ఇళ్ళలో లేదు. లింగంపేటలో బస్సు ఆగినప్పుడు జాడీని ఒక పూలామె చేతికిచ్చి గంగమణికి చేర్చమన్నాను. ఏ గంగమణి అని అడిగింది. మస్కట్ మేస్త్రీ భార్య అన్నాను. "గట్లంటె నలుగురున్నరు" అంది. మామిడి తొక్కు బాగా పెట్టే ఆమె అన్నాక వెంటనే గుర్తుపట్టింది.

ఇంటికి చేరగానే బాపు నా ముఖం చూశాడు. "ఊ అన్నదా" అని అడిగాడు. "పోయిరా అన్నది" అని చెప్పాను. ఆయన లోపలికి పోయి సూట్‌కేసు దించి, దాని మీది ఊక దుమ్మును వాకిట్లో తుడవడం మొదలుపెట్టాడు, నాకు దుమ్ము తగలకుండా దూరంగా నిలబడి.

మీరు ఇది చదివేసరికి నేను ఆ ఉత్తరపు ఊళ్ళో ఉంటానేమో. అక్కడి అడవిలో ఏ చెట్లుంటాయో, అక్కడివాళ్ళు చాయ్ సాసర్‌లో పోస్తారో లేదో ఇంకా తెలియదు. తెలుసుకోవాలని రోజూ మనసు పరుగెత్తుతోంది. ఇంత దూరం తెచ్చిన అందరికీ, నీళ్ళడిగిన యాదగిరన్న నుంచి గాజులు వేసిన ఖైరున్ బీ దాకా, ఋణపడి ఉన్నాను.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. జూన్, జులైలలో మీ ఇంట్లో సందె దీపం పెట్టేటప్పుడు, ఎల్లారెడ్డి అవతలి ఒక ఊళ్ళో మసి పట్టిన గూటి ముందు నిలబడ్డ అంజమ్మను ఒక్కసారి తలుచుకోండి. ఆ వేళకు ఆమె ఇద్దరి దీపం ఒక్కతే పెడుతూ ఉంటుంది.